నాతవరం దారిలో ఒక గది

నర్సీపట్నం రోడ్ అనే రైల్వే స్టేషనులో దిగినవారికి నర్సీపట్నం కనబడదు. కొత్తవారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఊరేదని అడుగుతారు. ఊరు చేరాలంటే బస్సో ఆటోనో పట్టుకుని ఇంకా చాలా దూరం లోపలికి పోవాలి. నర్సీపట్నానికీ తునికీ నడుమ ఉన్న మండలం నాతవరం. ఒక ప్రక్క మన్యం కొండలు, మరొక ప్రక్క తాండవ కాలువ నీటితో పండే వరి, చెరకు, మెరక మీద జీడిమామిడి తోటలు. తాండవ జలాశయం ఈ మండలంలోనే ఉన్నది. కొండల్లో పుట్టిన తాండవ నది ఇక్కడ ఆగి పొలాలు తడిపి, తుని, పాయకరావుపేటల మధ్యగా సాగి సముద్రంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది గాని, ఇక్కడి పెద్దలు మాటల్లో ఇంకా "మా విశాఖ జిల్లా" అనే అంటారు.

ప్రియ పాఠకులారా, ఈ ప్రాంతానికి వెళ్ళినవారు కృష్ణదేవిపేట చూడకుండా రారు. నేనూ చూచాను. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడ ఉన్నది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మరునాడు కృష్ణదేవిపేట, ఆ తరువాతి రోజు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లమీద దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయిన ఆ మనిషి 1924 మే 7న ప్రాణం విడిచేనాటికి ఆయనకు ఇంకా 27 ఏళ్ళు నిండలేదు. తిరుగుబాటుకు ముందు మన్యంలో తిరిగి మద్యం మానండి, మీ తగవులు మీరే పంచాయతీలో తీర్చుకోండి అని చెప్పినవాడు కూడా ఆయనే. చనిపోయిన ఒక యౌవనస్థుణ్ణి నూరేళ్ళుగా ఇంత ప్రేమతో తలచుకుంటున్న ప్రాంతం ఇది. బ్రతికి ఉన్న యౌవనస్థుల సంగతి ఏమిటన్నదే నన్ను నాతవరం వైపు తీసుకువెళ్ళిన ప్రశ్న.

ఆ ఊళ్ళలో కొందరు ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, సంఘ పెద్దలు కలిసి యౌవనస్థుల మానసిక ఆరోగ్యం కోసం ఒక చిన్న కేంద్రం పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. రండి, మాతో రెండు రోజులు ఉండి మీ మాట చెప్పండి అని పిలిచారు. నేను చెప్పినదానికంటె విన్నదే ఎక్కువ.

మొదటి సాయంత్రం బడి వరండాలో చాపలు పరచుకుని కూర్చున్నాము. ఇరవై మందికి పైగా వచ్చారు. మొదట ఎవరూ నోరు విప్పలేదు. పంటల గురించి, రోడ్డు గుంతల గురించి మాట్లాడారు. చీకటి పడిన తరువాత వెనుక కూర్చున్న ఒక తల్లి మెల్లగా అందుకున్నది.

"మా గుంటడు బాగా సదివీవోడు అయ్యగోరూ. ఇంటరు రెండో ఏడు మానీసినాడు. పది మాసాలై గుమ్మం దాటి ఎల్లడం నేదు. రాత్రి నిద్దరోడు. ఎవులో తన గురించి సెప్పుకుంతన్నారంటాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించినాం. మీలాటోళ్ళొచ్చి పార్దన సేసినారు. ఏటీ తగ్గనేదు."

"డాక్టరుకు చూపించారా అమ్మా?"

"ఏ డాక్టరుకి సూపించాలో సెప్పినోళ్ళు ఎవులున్నారు బాబూ?"

ఆమె మాట్లాడిన తరువాత మిగతావారికి ధైర్యం వచ్చింది. పరీక్షల నెల రాగానే కడుపునొప్పితో పడిపోయే పదో తరగతి పిల్ల సంగతి ఒకరు చెప్పారు. విశాఖ పక్కన కంపెనీలో పనికి వెళ్ళి నాలుగు నెలలకే తిరిగివచ్చి, అప్పటినుండి పగలంతా పడుకునే కుర్రవాని సంగతి మరొకరు చెప్పారు. గంజాయికి అలవాటుపడిన తమ్ముడి గురించి ఒక అక్క చెప్పింది. వీరిలో ఎవరికీ జబ్బు మొదలైన మొదటి నెలలో సాయం దొరకలేదు. కొందరికి అసలే దొరకలేదు.

మరునాడు ఉదయం నేను బస్సెక్కాను. తన కొడుకును పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళదలచిన తండ్రి ఏ దారిన పోవాలో ఆ దారి నా కళ్ళతో చూడాలనిపించింది. నాతవరం నుండి నర్సీపట్నం. అక్కడ బస్సు మారి మాకవరపాలెం మీదుగా తాళ్ళపాలెం జంక్షను. అక్కడ జాతీయ రహదారి తగులుతుంది. తరువాత బెల్లానికి పేరుబడ్డ అనకాపల్లి, ఆ తరువాత లంకెలపాలెం, గాజువాక, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు. అక్కడినుండి ఊరంతా దాటి చినవాల్తేరు. సుమారు వంద కిలోమీటర్లు. బస్సుల కోసం నిలబడిన సమయం కలుపుకుంటే పూట గడిచిపోయింది.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల బ్రిటిష్‌వారి కాలంనాటి ఆస్పత్రికి వారసురాలు. ఉత్తరాంధ్ర జిల్లాలవారంతా తరతరాలుగా దాని గుమ్మం తొక్కుతున్నారు. ఎందరో కోలుకుని ఇంటికి వెళ్ళారు. అయినా జనం నోట దాని పేరు నేటికీ "పిచ్చాసుపత్రి". ఆ ఒక్క మాటకు భయపడి ఇంట్లోనే పిల్లలను దాచుకున్న కుటుంబాలు ఎన్నో. గేటు ఎదుట కొంతసేపు నిలబడ్డాను. ఒక పెద్దాయన పాతికేళ్ళ కూతురి చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాడు. ఆమె చెప్పులు అరిగిపోయి ఉన్నవి. ఏ ఊరినుండి వచ్చారో అడగడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ తండ్రి ఖర్చు లెక్క వేసుకున్నాను. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది కనుక తల్లికి టిక్కెట్టు లేదు. తండ్రికీ కొడుకుకీ రానూపోనూ టిక్కెట్లు ఉన్నవి. ఇద్దరి ఒకరోజు కూలి పోయింది. ఆలస్యమైతే రాత్రి ఎక్కడో పడుకోవాలి. మనుషులంటే భయపడే కుర్రవాణ్ణి కిక్కిరిసిన బస్సులో నాలుగు గంటలు కూర్చోబెట్టాలి. వాడు మధ్యలో దిగిపోతానంటే ఏమి చేయాలి? "ఎక్కడికి బాబాయ్ పొద్దున్నే?" అని అడిగిన పక్కింటివారికి ఏమి చెప్పాలి? ఇదంతా ఒక్కసారికి. ఇలాంటి జబ్బులకు మందులు నెలల తరబడి, కొన్నిటికి సంవత్సరాల తరబడి వాడాలి. మూడో నెలకు చాలామంది ఆగిపోతారు. ఆగిపోయినవారిని మనం "మందులు పనిచేయలేదు" అంటాము.

మానసిక జబ్బులలో సగం 14 ఏళ్ళలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే తొమ్మిదో తరగతి పిల్లల వయసు. మన దేశంలో 2015–16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ళ పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. సమస్య ఉన్న పెద్దవారిలో నూటికి ఎనభై మందికి పైగా చికిత్స అందనివారే. చెవిలో మాటలు వినబడడం, లేనిపోని అనుమానాలు వంటి తీవ్రమైన జబ్బులలో మొదటి లక్షణానికీ మొదటి మందుకూ మధ్య కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని వైద్యులు ఏనాడో గ్రహించారు. కాబట్టి నాతవరం తల్లి చెప్పిన పది మాసాలు, వంద కిలోమీటర్లకంటె పెద్ద దూరం. బస్సు ఆ దూరాన్ని తగ్గించలేదు. పక్కన ఉన్న మనిషి తగ్గించగలడు.

మన చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 18వ సెక్షను ఉన్నది. మానసిక జబ్బు ఉన్న ఏ మనిషీ వైద్యం కోసం దూరప్రయాణం చేయవలసిన అవసరం ఉండకూడదని, సేవలు వారు నివసించే చోటికి దగ్గరలోనే ఉండాలని దానిలో ఉన్నది. ఈ సంగతి వరండాలో చెప్పినప్పుడు ఒక ఉపాధ్యాయుడు నవ్వి, "చట్టం మా బస్సెక్కలేదేమోనండీ" అన్నారు. అందరూ నవ్వారు. కాని అది నవ్వి వదిలేసే మాట కాదు. పేదవాడు దయకోసం కాక హక్కుగా అడగగలిగిన సంగతి అది.

ఇలాంటి ప్రయత్నం మన నేలకు కొత్త కాదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1996లో దానిని జిల్లాలకు తీసుకువెళ్ళాలని దేశంలో నాలుగు జిల్లాలను ఎంచుకున్నప్పుడు, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ వాటిలో ఒకటి. మామూలు డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మానసిక వైద్యం అందించాలన్నది దాని ఆలోచన.

తరువాత మన పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జి ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థవారు మరొక మెట్టు ఎక్కారు. 30 గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడగడం నేర్పారు. నిద్ర పడుతున్నదా, పని మీద మనసు నిలుస్తున్నదా, బ్రతకాలని లేదనిపించిందా, ఇలాంటి ప్రశ్నలు. సుమారు ఐదు వేల మంది పెద్దవారిని అడిగితే 238 మందికి సాయం అవసరమని తేలింది. వారిని దగ్గరలోని ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పంపారు. ఊళ్ళలో నాటకాలు, వీడియోలతో సిగ్గు పోగొట్టారు. అంతకుముందు మానసిక బాధకు వైద్యం కోరినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. తరువాత నూటికి 12 మందికి పైగా అయ్యారు. డాక్టరు కొత్తవాడు కాదు, ఆరోగ్య కేంద్రం కొత్తది కాదు. అడిగే మనిషి గుమ్మం దాకా రావడమే కొత్త. అదే సంస్థవారు ఇటీవలి సంవత్సరాలలో విజయవాడలోను ఢిల్లీలోను మురికివాడలలోని 10 నుండి 19 ఏళ్ళ పిల్లల కోసం ఇటువంటి పనే చేశారు.

సముద్రం అవతలి సంగతి ఒకటి ఆ వరండాలో చెప్పాను. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. ఆయన వద్ద చికిత్స పొందుతున్న ఒక యువతి తన ప్రాణం తానే తీసుకున్నది. ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదని ఆయన ఆ తల్లిని అడిగితే, బస్సు ఛార్జీకి డబ్బు లేక అని ఆమె జవాబిచ్చింది. ఆ జవాబు ఆయన్ను నిద్రపోనివ్వలేదు. 2006లో రాజధాని హరారేలో 14 మంది నాయనమ్మలకు, అమ్మమ్మలకు మాట వినే పద్ధతి నేర్పారు. వారికి ఇవ్వడానికి క్లినిక్కులో గది లేకపోతే బయట చెట్టుక్రింద బల్లమీద కూర్చోబెట్టారు. ఆ బల్లకు స్నేహబల్ల అని పేరు వచ్చింది. కొన్ని సంవత్సరాల తరువాత పరిశోధన చేసి చూస్తే, ఆ అవ్వలతో మాట్లాడినవారి దిగులు మామూలు వైద్యం పొందినవారికంటె బాగా తగ్గినట్లు తేలింది.

ఈ కథ విన్న ఒక ముసలమ్మ, "ఆ మాత్రం అరుగు మా ఇంటికీ ఉన్నాది గదా" అన్నది.

అరుగు ఉంటే చాలదు, వినడం నేర్చుకోవాలి. మనలో చాలామందికి ఎదుటివాడు బాధ చెప్పగానే సలహా చెప్పే అలవాటు. నా వంటి కాపరులకు ఆ అలవాటు మరీ ఎక్కువ. దిగులు పడినవాణ్ణి చూచి "నీకు విశ్వాసం చాలలేదు" అనడం మన సంఘాలలో వినబడే మాటే. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావును కోరుకున్నప్పుడు దేవుని దూత వచ్చి ఆయన్ను మందలించలేదు. మొదట నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, నీళ్ళు ఇచ్చాడు. ఇంకా ప్రయాణం ఉన్నదని ఆ తరువాతనే చెప్పాడు. ఎందరో అభిమానించే మిషనరీ స్టాన్లీ జోన్స్ మన దేశంలో మొదటి సంవత్సరాలలోనే మనసూ శరీరమూ అలసి కుప్పకూలినవాడు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. 1950లో ఆయనే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రం స్థాపించాడు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, రోగితోపాటు ఇంటివారు కూడా అక్కడే ఉండి వంట చేసుకుంటూ వైద్యంలో పాలుపంచుకొనే పద్ధతి పెట్టారు. ప్రార్థన చేసేవారే మందు కూడా ఇప్పించారు. ఈ రెండిటికీ పోరు లేదు.

పోరు పెట్టినచోట ఏమి జరుగుతుందో మనకు తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టివేయబడినందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. అది దర్గా ఉన్న ఊరు. కాని గొలుసు ఏ ఒక్క మతానిదీ కాదు. గుడి మండపాలలో, మన ప్రార్థన మందిరాల వసారాలలో కూడా గొలుసులు కనబడిన రోజులు ఉన్నవి. ఇప్పటి చట్టం ఏ రూపంలోనైనా మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. ఎవరైనా తమ బిడ్డను మన మందిరానికి తీసుకువస్తే ప్రార్థన చేద్దాము. ఆ రోజే డాక్టరు వద్దకు కూడా పంపుదాము. మందులు మానేయమని మాత్రం ఏ కాపరీ చెప్పకూడదు.

ఈ ప్రాంతంలో మరొక ముప్పు ఉన్నది. మన్యంనుండి గంజాయి బయటికి వచ్చే దారుల్లో నర్సీపట్నం దారి ఒకటి. 2021లో పోలీసులు పరివర్తన అనే కార్యక్రమంతో కొండలలో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక దళం వచ్చింది. గంజాయి సమాచారం చెప్పడానికి 1972 అనే ఫోను నంబరు ఇచ్చారు. ఇవన్నీ అవసరమే. తోటను కాల్చవచ్చు, మూటను కాల్చవచ్చు. అప్పటికే ఒక కుర్రవాని తలలో చేరిన దానికి మంట పనికిరాదు. చిన్నవయసులో గంజాయి పీల్చేవారికి మతి చెదిరే జబ్బులు వచ్చే ప్రమాదం ఎక్కువ. చేతిలో డబ్బు పెట్టి మూట మోయించేవారికి దొరికేది కూడా ఈ కుర్రవాళ్ళే. దొరికితే జైలు, దొరకకపోతే మత్తు. "సార్, పోలీసులకు భయపడి మావాడు ఆసుపత్రికి కూడా రాడు" అన్నది ఆ అక్క. భయపడకుండా వచ్చి నిజం చెప్పుకోగలిగే చోటు ఒకటి ఉంటే తప్ప ఆ తమ్ముడు మనకు దొరకడు.

రెండో సాయంత్రం కేంద్రం గురించే మాట్లాడుకున్నాము. ఎక్కడ పెట్టాలి? ఒకరు మందిరం ఆవరణలో గది ఖాళీగా ఉన్నదన్నారు. అందరికీ నచ్చింది. అంతలో మా మధ్య కూర్చున్న ఒక రైతు లేచి, "పాస్టరుగారూ, మీరు తప్పుగా అనుకోకండి. అక్కడ పెడితే మా వీధివాళ్ళు రారు. పిల్లల్ని కలిపేసుకుంటారనుకుంటారు" అన్నారు. కొందరికి మనసు నొచ్చింది. నాకు మాత్రం ఆ రెండు రోజులలో విన్న అతి ముఖ్యమైన మాట అదే అనిపించింది. జబ్బు ఇంటిపేరు అడిగి రాదు. సహాయం అడగడానికి వచ్చే పిల్లవాడు తన మతాన్ని గుమ్మం బయట విడిచి రానక్కరలేదు, మన మతాన్ని లోపల తీసుకోనక్కరలేదు. బడికో పంచాయతీకో ఆరోగ్య కేంద్రానికో చెందిన గది అడగాలని, అక్కడ మత బోధ ఏదీ ఉండరాదని చివరకు అందరూ ఒప్పుకున్నారు. మన సంఘాలవారు గది అద్దె, కుర్చీలు, మనుషుల శిక్షణ ఖర్చు భరించవచ్చు. పేరు గోడమీద ఉండనక్కరలేదు.

బోర్డు మీద ఏమి వ్రాయాలన్నది తరువాతి ప్రశ్న. దానికి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి జవాబు చెప్పింది. "మానసికం అన్న మాట వద్దండి. యువజన కేంద్రం అనండి. క్యారమ్ బోర్డు, దినపత్రికలు, ఉద్యోగాల దరఖాస్తులు నింపే కంప్యూటరు పెట్టండి. లోపల ఇంకొక తలుపు ఉంటే చాలు. ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియదు." ఆస్ట్రేలియాలో 12 నుండి 25 ఏళ్ళవారికోసం హెడ్‌స్పేస్ అనే కేంద్రాలు నడుస్తున్నవి. యౌవనస్థులనే సలహాదారులుగా పెట్టుకుని వాటిని తీర్చిదిద్దారు. మన అమ్మాయి ఆ సంగతి ఎరుగదు. అయినా అదే దారి చెప్పింది.

ఆ లోపలి గదిలో ఎవరుండాలి? శిక్షణ పొందిన ఒక స్త్రీ, ఒక పురుషుడు. వారు డాక్టర్లు కారు, డాక్టర్లమని చెప్పుకోరాదు. వినాలి, గుర్తించాలి, తగినచోటికి పంపాలి, తరువాత ఇంటికి వెళ్ళి మందులు వాడుతున్నారో లేదో కనుక్కోవాలి. పడకలు ఉండవు, ఎవరినీ రాత్రి ఉంచుకోరు. కాలేజీ వదిలిన తరువాత సాయంత్రాలు, సంత జరిగే రోజు పగలంతా తెరిచి ఉంచాలి. ఎందుకంటే సంతకు వెళ్తున్నామంటే పక్కింటివారు ఏమీ అడగరు. వ్రాసుకున్న పుస్తకం తాళంలో ఉండాలి, తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో పిల్లలతో ముందే మాట్లాడుకోవాలి. గోడమీద 14416 అని పెద్ద అక్షరాలతో వ్రాయాలి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మరొక పని గదితో సంబంధం లేకుండా ఈ రోజే చేయవచ్చు. మనది పొలాల దేశం. ప్రతి ఇంటి చూరులోనూ పురుగుమందు డబ్బా ఉంటుంది. ఒక్క క్షణపు ఆవేశం చేతికి అందేది అదే. తమిళనాడులోని కడలూరు జిల్లాలో స్నేహ అనే సంస్థవారు రెండు గ్రామాలలో ఒక గది కట్టి, రైతులు తమ పురుగుమందులు అక్కడి పెట్టెలలో తాళం వేసుకునేలా చేశారు. అవసరమైనప్పుడు వెళ్ళి తెచ్చుకుంటారు. ఆ నడక దూరంలో చాలామంది మనసు మారుతుంది. జబ్బునుండి సాయానికి దూరం తగ్గాలి, చేతినుండి విషానికి దూరం పెరగాలి. ఎవరైనా చచ్చిపోవాలని ఉందని అంటే తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. సూటిగా అడగడంవల్ల ఆ ఆలోచన పెరగదు, చెప్పుకున్నవాడికి బరువు దిగుతుంది. పరీక్షా ఫలితాల వారం ముఖ్యంగా జాగ్రత్త. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి రోజులలో ఇరవై మంది పైచిలుకు పిల్లలు పోయారు. వారు పోయింది మార్కుల షీటు చూచి. ఆ షీటు పక్కన కూర్చుని అన్నం తిను నాన్నా అనే మనిషి వారిలో ఎందరికి దొరికాడో దేవునికే తెలియాలి.

నేను బయలుదేరేముందు ఆశా కార్యకర్త ఒకరు ఆ పది మాసాల కుర్రవాని ఇంటికి వెళ్ళారు. లోపలికి పోలేదు, గుమ్మంలోనే కూర్చుని తన పని తాను చేసుకుంటూ ఒక అరగంట ఉన్నారు. లేస్తూ, "రేపు మళ్ళీ వస్తాను తమ్ముడూ" అన్నారు. లోపలినుండి జవాబు రాలేదట. మూడో రోజు ఆ అబ్బాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి గుమ్మం మీద పెట్టాడని తరువాత ఫోనులో తెలిసింది. ఆస్పత్రికి ఇంకా బయలుదేరలేదు. కాని వాళ్ళ నాన్నగారు ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడారు. గది తెరవకముందే కేంద్రం పని మొదలైందని నేను అనుకుంటున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ నెల మీ కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక కాగితం తీసుకోండి. మీ ఊరినుండి దగ్గరలోని మానసిక వైద్యుని వద్దకు ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని బస్సులో, ఎంత కూలి నష్టమో వ్రాయండి. ఆ క్రింద మీ వీధిలో గుమ్మం దాటి రాని పిల్లలు ఎందరున్నారో, ఎన్ని నెలలనుండి రావడంలేదో ఆలోచించండి. వారి పేర్లు కాగితంమీద వ్రాయకండి, మనసులో ఉంచుకోండి. తరువాత మీ ఆశా కార్యకర్తనూ, బడి పంతులుగారినీ, పంచాయతీ పెద్దనూ పిలిచి ఆ కాగితం చూపండి. గదికి అద్దె దొరుకుతుంది, కుర్చీలు దొరుకుతాయి. ముందుగా కావలసింది, రేపు మళ్ళీ వస్తానని చెప్పి, వచ్చే మనిషి.